చిటికెన వేలంత కత్తి

జువ్వలదిన్నె
మే 18

జైతూనక్కకు వినీల రాస్తున్నది.

ఏడో తరగతి తర్వాత నేను కాగితం మీద ఇంత రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వుకో, కానీ ఎవరికీ చూపించకు. ఫోను చేయొచ్చు గదా అంటావు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. మా అత్త ఆదిశేషమ్మకు చెవుడు. స్పీకరు పెట్టనిదే తను మాట్లాడదు, ఇంకొకరిని మాట్లాడనివ్వదు. నేను నీకు చెప్పేది వీధి చివరి వలల షెడ్డు దాకా వినపడుతుంది.

నాకు ఒక కత్తి కావాలి. చాలా చిన్నది. మడిచేదైనా సరే, ఒరలో దూర్చేదైనా సరే. రోజంతా ఒంటి మీద ఉండాలి, ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు. పైనుంచి చేత్తో తడిమి చూసినా తెలియకూడదు. జూన్ పదిహేనున సముద్రంలో మళ్ళీ వేట మొదలవుతుంది. ఆ లోపల అందాలి.

ఎందుకని అడగవద్దు. చెప్పడానికి నోరు రాదు, రాయడానికి చెయ్యి రావడం లేదు. చిన్నప్పుడు మీ అంగట్లో సాన చక్రం పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించావు. ఆ చనువుతో అడుగుతున్నాను.

జవాబు మా అంగన్‌వాడీ ఏంజెలిన్ టీచరు పేరున పంపు. కవరు మీద నా పేరు వద్దు. మా నాన్నకు చెప్పవద్దు.

వినీల


మనుబోలు
మే 22

పిల్లా,

ఉత్తరం చేరింది. తప్పులు ఏడు. మీ సారు బతికుంటే చెవి మెలేసేవాడు.

నిన్ను ఎవరు కొడుతున్నారు? ముందు అది చెప్పు. పెంచలప్రసాదా? పెళ్ళిలో నీ వైపు చూడటానికి కూడా సిగ్గుపడి నేల చూసినవాడు వాడు, రెండేళ్ళలో చెయ్యెత్తడం నేర్చాడా? నేర్చి ఉంటే కత్తి వద్దు, బస్సెక్కు. నా గదిలో చాప పరిచే ఉంది. వాడు కాక ఇంకెవడైనా వెంటపడుతుంటే వాడి పేరు రాయి. మిగతాది నేను చూసుకుంటాను.

ఈ అంగట్లో ముప్పై ఏళ్ళుగా ఒక పద్ధతి ఉంది. కత్తి అడిగినవాణ్ణి మా ఆయన బడేసాహెబ్ మూడు మాటలు అడుగుతాడు. ఏం కోస్తావు, ఏ చేత్తో కోస్తావు, ఎక్కడ పెట్టుకుంటావు. జవాబు చెప్పనివాడికి కత్తిపీట కూడా సాన పట్టడు. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి, చక్రం నేను తిప్పుతున్నాను, పద్ధతి మాత్రం మారలేదు. నువ్వు మూడోదానికి సగం జవాబు చెప్పావు. మొదటిది మింగేశావు.

ఊరికే చిన్నది కావాలంటే తాళంచేతుల గుత్తికి తగిలించే మడత కత్తులు హైవే మీద ప్రతి కొట్లోనూ దొరుకుతాయి. చూడముచ్చటగా ఉంటాయి. టమాటా మీద పెడితే టమాటా నలుగుతుంది, తెగదు. గోరు పెట్టి తెరవాలి. చెయ్యి తడిస్తే గోరు జారుతుంది. చిన్నదాన్ని చెయ్యడం పెద్ద పని కాదు పిల్లా, చిన్నది పని చేసేటట్టు చెయ్యడం పెద్ద పని. అందుకే అడుగుతున్నాను. ఏం కోస్తావు?

జైతూన్‌బీ


జువ్వలదిన్నె
మే 28

జైతూనక్కా,

ఆయన నన్ను ఒక్క మాట కూడా అనడు. కత్తి నాకు కాదు, ఆయనకే.

ఆయన వెళ్ళేది క్రాంతి కుమార్ గారి బోటు మీద. ఆ బోటులో కత్తి ఒకటే, అది డ్రైవర్ జడ్సన్ దగ్గర పెట్టెలో ఉంటుంది. పెట్టెకు తాళం. మిగతా వాళ్ళెవరి దగ్గరా ఇనుప ముక్క ఉండకూడదు. వెనకెప్పుడో వల రాళ్ళకు చిక్కితే ఎవరో భయపడి కోసేశారట, వలంతా సముద్రం పాలైందట. అప్పటి నుంచి ఈ కట్టు. వేట మొదలయ్యే రోజు వలను బోటులోకి ఎక్కించి పసుపు కుంకుమ పెట్టి, ఒక్కొక్కరూ దాని మీద చెయ్యి వేసి, ‘నా మొలలో ఇనుము లేదు, ఈ వలకు నా చేత కోత పడదు’ అని చెప్పి బోటెక్కాలి. ఓనరు మనిషి ఒకడు నడుము తడిమి చూస్తాడు.

పోయిన నవంబరులో సుబ్బు చనిపోయాడు. ఆయన స్నేహితుడు, మా ఇంట్లోనే టీ తాగేవాడు. బోటు నడుస్తుండగా వల వదులుతున్నారు. తాడు చుట్ట సుబ్బు కాలికి పడింది. వలతోబాటు మనిషిని లాక్కుపోయింది. ఆయన సుబ్బు చెయ్యి పట్టుకున్నాడు. జడ్సన్ పెట్టె దగ్గరికి పరుగెత్తాడు, ఉప్పుకు తాళం బిగుసుకుపోయి రాలేదు. ఆయన చేతిలోనుంచి సుబ్బు చెయ్యి జారిపోయింది. వల వెనక్కి లాగేసరికి అంతా అయిపోయింది. క్రాంతి కుమార్ గారు వచ్చి నిజంగానే ఏడ్చారు. ఖర్చంతా పెట్టుకున్నారు. ఆ తర్వాత పెట్టెకు కొత్త తాళం వేయించారు.

అప్పటి నుంచి మా ఆయనకు నిద్ర లేదు. కూర్చుని తన అరచెయ్యి చూసుకుంటాడు. ఒకసారి ధైర్యం చేసి, చిన్న కత్తి దగ్గర పెట్టుకోరాదా అన్నాను. “వల మీద చెయ్యేసి చెప్పినానుమే,” అన్నాడు. “మాట తప్పినోణ్ణి ఈ రేవులో ఇంకెవురు బోటెక్కనిస్తారు?”

తాడు కోయాలి. కుడి చేత్తో. నడుము దగ్గర ఉండాలి. మూడూ చెప్పాను.

వినీల


మనుబోలు
జూన్ 6

వినీలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా మొదటి ఉత్తరంలో ప్రసాదును అన్న మాటలు చింపి పొయ్యిలో వెయ్యి.

ఇప్పుడు పని సంగతి. మడత కత్తి పనికిరాదు. ఇసుక పడితే మడత పట్టేస్తుంది. కత్తికి స్టీలు అలుగు వేస్తే తుప్పు పట్టదు గాని పదును నిలవదు. ఇనుప అలుగుకు పదును నిలుస్తుంది గాని ఉప్పుగాలికి నెలలో పోతుంది. నడుము తడిమి చూస్తారంటున్నావు. తడిమినా అనుమానం రానిది నడుము మీద ఏముంటుంది? మొలతాడు ఉంటుంది. మొలతాడుకు తాయెత్తు ఉంటుంది. ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా ఈ ప్రాంతంలో తాయెత్తును విప్పి చూసే మొనగాడు లేడు. కళ్ళకద్దుకుని వదిలేస్తాడు.

హాక్సా బ్లేడు ముక్క తీసుకుని, ఒక వైపు సాన పట్టాను, రెండో వైపు పళ్ళు అలాగే ఉంచాను. తాడు పళ్ళకు తెగినట్టు పదునుకు తెగదు. పొడవు నీ చిటికెన వేలంత. ఇంకో రెండు కణుపులు పొడవుంటే తాడు ఇంకా తొందరగా తెగేది, కానీ అప్పుడది తాయెత్తులాగా ఉండదు, గొట్టంలాగా ఉంటుంది. నువ్వు దాచాలన్నావు గనుక దాచేదే చేశాను. అలుగును దూర్చిన ఇత్తడి తాయెత్తు గూడు మొలతాడుకే ఉంటుంది. అడుగు భాగాన్ని పట్టుకుని ఒక మెలిక తిప్పి కిందికి లాగితే అలుగు చేతిలోకి వస్తుంది. అతుకు చుట్టూ మైనం పోశాను. అది పగలనంత వరకు నీళ్ళు దూరవు, తుప్పు పట్టదు.

మా ఆయన దీన్ని చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తాయెత్తు పేరుతో ఇనుము కడతావా అన్నాడు. మూడో రోజు తనే పాత గూడు వెతికి ఇచ్చాడు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మొదటి రోజే మైనం పగలగొట్టించి, తడి చేత్తో, కళ్ళు మూసుకుని పదిసార్లు తీయించు. తర్వాత మళ్ళీ మైనం పొయ్యి, పార్సిల్లో మైనం ముక్క కూడా పెట్టాను. తియ్యడం చేతికి అలవాటు కావాలి, తలకు కాదు.

జైతూన్‌బీ


జువ్వలదిన్నె
జూన్ 17

జైతూనక్కా,

పార్సిలు అందింది. అంత చిన్నది, అంత అందంగా ఉంటుందని అనుకోలేదు. వేట మొదలయ్యే రోజు ఇక్కడ పెళ్ళాలు మగవాళ్ళకు కొత్త మొలతాడు కడతారు. అప్పుడే కట్టాను. ఆయనకు నచ్చింది.

రేవులో నేను కూడా నిలబడి చూశాను. ఓనరు మనిషి మా ఆయన నడుము తడిమాడు. వేళ్ళకు తగిలితే తీసి చూసి, కళ్ళకద్దుకుని, “దర్గాదా అన్నా? మంచిది,” అని పంపించాడు. ఆయన వల మీద చెయ్యి వేసి మాట చెప్పాడు.

మా అత్త కూడా చూసి మెచ్చుకుంది. కోడలికి ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందని పక్కింటామెతో గట్టిగా అన్నది.

వినీల


మనుబోలు
జూన్ 30

పిల్లా,

అందిందని రాశావు, అందంగా ఉందని రాశావు, మీ అత్త మెచ్చుకుందని రాశావు. తడి చేత్తో తీయించావా అని అడిగితే దానికి మాత్రం జవాబు లేదు.

ఇంకోటి కూడా నాకు మింగుడు పడటం లేదు. అంత మాట పట్టింపు ఉన్న మనిషి, మొలలో అలుగు పెట్టుకుని వల మీద చెయ్యి ఎట్లా వేశాడు?

జైతూన్‌బీ


జువ్వలదిన్నె
జూలై 19

జైతూనక్కా,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. రోజూ తీసి చదివి మళ్ళీ బియ్యం డబ్బాలో పెడుతున్నాను.

ఆయనకు తెలియదు.

చెప్పాలనే అనుకున్నాను. మొలతాడు కడుతుంటే ఆయన తాయెత్తు చూసి, “కసుమూరు దర్గాదా?” అన్నాడు. నేను తల ఊపాను. అంతే అక్కా. కాదని చెప్పడానికి మాట వెతుక్కునే లోపల నా తల ఊగింది. ఆయన ముఖంలో సుబ్బు పోయినప్పటి నుంచి చూడని వెలుగు కనిపించింది. “నా కోసరం ఎవురి చేత తెప్పించినావుమే?” అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముఖం చూసి ఇంకేం చెప్పను?

ఆ రోజు నుంచి ఆయన నిద్రపోతున్నాడు. గురక కూడా పెడుతున్నాడు. అరచెయ్యి చూసుకోవడం మానేశాడు. తెలియదు గనుక వల మీద ఆయన చెప్పిన మాట అబద్ధం కాలేదు. ఇప్పుడు చెప్తే మాటా పోతుంది, నమ్మకమూ పోతుంది. కత్తి మాత్రం మిగులుతుంది. దాన్ని విప్పి నా ముందు పారేస్తాడు, ఉత్త నడుముతో బోటెక్కుతాడు.

కాస్త ఆగి చెప్తాను. ఆయన మనసు ఇంకొంచెం కుదుటపడనీ.

వినీల


మనుబోలు
జూలై 25

వినీలా,

ఉన్నట్టు తెలియని కత్తి కత్తి కాదు. అది ఇత్తడి గూట్లో ఇనుప ముక్క. నేను రెండు రోజులు కూర్చుని అరగదీసింది నీ మొగుడు గురక పెట్టడానికి కాదు.

వాడు పారేస్తే పారేయనీ. అది వాడి ప్రాణం, వాడి మాట. రెండింటిలో ఏది ఉంచుకోవాలో వాడు తేల్చుకోవాలి. వాడికి తెలియకుండా నువ్వు తేల్చావు. నేను మీ ఇంటికి ఫోను చేసి స్పీకరులో చెప్పగలను. రెండుసార్లు నంబరు నొక్కి తీసేశాను. చెప్పాల్సింది నువ్వు గనుక.

రేపు చెప్పు. ఎల్లుండి నాకు రాయి.

జైతూన్‌బీ


నెల్లూరు ఆస్పత్రి
నవంబరు 16

జైతూనక్కా,

జూలైలో నువ్వు రాసినదానికి జవాబు రాయలేదు. నువ్వూ మళ్ళీ అడగలేదు. రేపు, రేపు అనుకుంటూ నాలుగు నెలలు గడిపాను. ఇది వార్డు బయట వరండాలో కూర్చుని రాస్తున్నాను.

ఆయన బతికే ఉన్నాడు. ఎడమ పాదం తీసేశారు.

పోయిన గురువారం జరిగింది. గాలి ఎక్కువగా ఉంది, అలలు బోటును ఎత్తి వేస్తున్నాయి. వల వదులుతుంటే తాడు చుట్ట ఆయన చీలమండకు పడింది. ఆయన ఎడమ చేత్తో బోటు అంచు పట్టుకుని బయటికి వేలాడాడు. వల కిందికి లాగుతోంది. ఈసారి పెట్టె తాళం వచ్చింది. కానీ లోపలున్న కత్తి ఎన్నాళ్ళ నుంచో ఎవరూ ముట్టక తుప్పు పట్టింది. జడ్సన్ ఎంత రుద్దినా తాడు తెగలేదు. ఇంజను ఆపి, అందరూ కలిసి వల వెనక్కి లాగి ఆయన్ను పైకి తీసేసరికి పావుగంట పట్టింది. అంతసేపూ తాడు కాలిని కోసింది.

జడ్సన్ చెప్పాడు. అంతసేపూ ఆయన కుడి చెయ్యి ఖాళీగానే ఉంది. ఖాళీ అంటే, మొల దగ్గర తాయెత్తును పిడికిట్లో పట్టుకుని ఉన్నాడట. పైకి తీశాక కూడా ఆ పిడికిలి విప్పడం వాళ్ళ వల్ల కాలేదట.

ఇప్పుడు మంచం దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ ఆయన అదే చెబుతున్నాడు. “ఇది పట్టుకోబట్టి బతికినా. పాపం సుబ్బుకు ఇది లేదు, అందుకే పోయినాడు. మా వినీల తెచ్చి కట్టింది.” నన్ను పిలిచి పక్కన నిలబెట్టి చూపిస్తాడు. నర్సులు కూడా వచ్చి చూసిపోయారు. మా అత్త నా కాళ్ళకు మొక్కబోయింది.

క్రాంతి కుమార్ గారు వచ్చారు. మా ఆయన చెయ్యి పట్టుకుని, “వల కన్ను ఒక్కటి తెగనీలేదు, తమ్ముడా,” అన్నారు. ఆయన సిగ్గుపడి నవ్వాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి వచ్చేశాను. అందరూ సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు.

అక్కా, నువ్వు నన్ను తిట్టు. ఎవరో ఒకరు తిట్టాలి.

వినీల


మనుబోలు
నవంబరు 29

వినీలా,

తిట్టడానికి కూర్చున్నాను. నేను మళ్ళీ అడగకుండా ఎందుకు ఊరుకున్నానో అది ముందు రాయాలి అనిపించింది. నువ్వు జవాబు రాయకపోతే నాకు కోపం వచ్చింది. నాదేం పోయిందిలే అనుకున్నాను. చక్రం తిప్పుతూ రోజూ అదే అనుకున్నాను. ఒక బస్సెక్కితే మూడు గంటల్లో మీ ఇంట్లో ఉండేదాన్ని. అందుకని నిన్ను తిట్టే హక్కు నాకు లేదు.

ఇప్పుడు ఇంకోటి వచ్చిపడింది. నిన్న జడ్సన్, వాడితో ఇంకో నలుగురు మీ ఊరి నుంచి వచ్చారు. అది దర్గాలో ఇచ్చింది కాదని, ఇక్కడి నుంచి పార్సిలు వచ్చిందని ఏంజెలిన్ టీచరు నోరు జారిందట. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. “ప్రసాదన్నను కాపాడిందే, అట్టాటిదే మాకూ ఒక్కోటి కావాలమ్మా,” అన్నారు. వాళ్ళలో ఒకడు సుబ్బు తమ్ముడు. మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. వచ్చే శుక్రవారం రమ్మని పంపించాను.

ఖాళీ గూళ్ళు ఇస్తే ఆ అయిదుగురూ ప్రసాదులాగే పిడికిలి బిగించి వేలాడతారు. అలుగు పెట్టి ఇచ్చి చెప్పకపోయినా అంతే. నేను అలుగు పెట్టే ఇస్తాను, చెప్పే ఇస్తాను. వల మీద చెయ్యి వెయ్యాలో వద్దో వాళ్ళు చూసుకుంటారు. కానీ నేను చెప్పిన సాయంత్రానికే ప్రసాదుకు జడ్సన్ నోటి నుంచి తెలుస్తుంది.

శుక్రవారానికి ఆరు రోజులుంది. ఎవరి నోటి నుంచి తెలియాలో నువ్వు చూసుకో.

జైతూన్‌బీ


జువ్వలదిన్నె
డిసెంబరు 3

జైతూనక్కా,

నీ ఉత్తరం చూసి నేను మొదట ఇంకో జవాబు రాశాను. అయిదూ ఉత్త గూళ్ళే చేసి ఇవ్వమని, నా సంసారం నిలబెట్టమని బతిమాలుతూ రాశాను. కవరు అంటించి ఏంజెలిన్ టీచరుకు కూడా ఇచ్చాను. ఇంటికి వస్తుంటే సుబ్బు తమ్ముడు ఎదురుపడి, “వదినా, శుక్రవారం మాకూ వస్తా ఉండాయి,” అని నవ్వాడు. వెనక్కి వెళ్ళి కవరు తీసుకుని చింపేశాను.

ఆ రోజే చెప్పాను. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మా అత్త పక్కనే ఎండు చేపలు ఏరుతోంది, ఆమెకు వినపడదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని తాయెత్తు పట్టుకుని మెలిక తిప్పాను. మైనం పగిలింది. అంతకు ముందు నేను కూడా తీసి చూడలేదక్కా. అలుగు జారి నా చేతిలోకి వచ్చింది. ఒక్క తుప్పు చుక్క లేదు.

ఆయన వంగి దాన్ని చూశాడు.

“ఆ పొద్దు ఇది దీంట్లోనే ఉండిందా?”

ఉండింది అన్నాను.

“నీకు తెల్సు.”

తెలుసు అన్నాను.

ఎట్లా తియ్యాలో చూపించమన్నాడు. చూపించాను. తనే లోపల పెట్టి తీశాడు, పెట్టి తీశాడు. తర్వాత గోడ దగ్గరున్న వల తాడు ముక్క తెమ్మన్నాడు. మంచం పట్టెకు ఆనించి కోశాడు. కోతకోతకూ పెదవులు కదిలాయి, లెక్కపెట్టుకున్నాడనుకుంటాను. తొమ్మిదో పదో ఉంటాయి. ఒక నిమిషం కూడా పట్టలేదు. తాడు రెండు ముక్కలై కింద పడింది. ఆయన పాదం లేని చోటు వైపు చూశాడు, తాడు వైపు చూశాడు.

తర్వాత చొక్కా పైకెత్తి ఆ అలుగుతోనే మొలతాడు కోసేసుకున్నాడు. మా వైపు మగవాడి మొలతాడు తెంచేది పాడె మీద పడుకోబెట్టినప్పుడే. మా అత్త ఏమీ వినలేదు గాని అది చూసింది. చేపల చాట పారేసి గుండెలు బాదుకుంటూ అరిచింది. వీధంతా వచ్చింది. గూడు, తాడు, అలుగు అన్నీ నా ఒళ్ళో పడేసి, “బాగా తెగతా ఉంది,” అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రెండు రోజులైంది. పెడితే తింటున్నాడు. నాతో మాట లేదు. తాయెత్తు చూస్తామని వచ్చినవాళ్ళతో, “దాన్నే అడగండి,” అని నన్ను చూపిస్తున్నాడు. నేను గడప లోపల నిలబడి ఉంటున్నాను. క్రాంతి కుమార్ గారికి కూడా తెలిసిందట. ఇంక మా ఇంటి వైపు రాలేదు.

ఆ అయిదింటికీ అలుగు నువ్వన్న ఆ రెండు కణుపులు పొడవు పెట్టు. దాచాలని చిన్నది అడిగింది నేను. వాళ్ళకు దాచడం కన్నా తెగడం ముఖ్యం. వాళ్ళ తరఫున పెళ్ళాలు వస్తే ఇవ్వకు. వాళ్ళ చేతికే ఇచ్చి, నీ కళ్ళ ముందే నీళ్ళలో చెయ్యి ముంచి పదిసార్లు తీయించు. సుబ్బు తమ్ముడి చేత ఇరవైసార్లు తీయించు.

వినీల